తాబేలు నడక

మిల్ట్ స్టీగల్ నడుచుకుంటూ వెనక్కి వచ్చేలోపు మా ఇంటి యజమాని పెద్దాయన ఫ్లాస్కు మూత తిప్పి, ఆ మూతలోకే కాఫీ వంచి, నా చేతికి అందించేవారు. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. బంతి కోసం నలభై గజాలు ఊపిరి బిగబట్టి దూసుకుపోయిన మనిషి, అది చేతికి చిక్కినా చిక్కకపోయినా, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పొద్దు గుంకాక పొలం నుంచి ఇంటికి మళ్లిన రైతులా నడిచేవాడు. అడుగు తీసి అడుగు వేస్తూ, ఎవరి కేకలూ చెవిన పడనట్టు. అతను కెనడాలోని విన్నిపెగ్ ఊరి ఫుట్‌బాల్ ఆటగాడు. అక్కడ అతని ముద్దుపేరు తాబేలు మనిషి.

కెనడాలో నా తొలి ఎనిమిదేళ్లను తలచుకుంటే మంచు తర్వాత నాకు గుర్తొచ్చేది ఆ నడకే.

నేను విన్నిపెగ్‌లో దిగింది 2001 ఆగస్టులో. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ పూర్తి చేసి, మానిటోబా విశ్వవిద్యాలయంలో మృత్తికా శాస్త్రం చదవడానికి వెళ్లాను. విశ్వవిద్యాలయం ఊరికి దక్షిణాన ఉంటే, అద్దె తక్కువని నేను తీసుకున్న గది మాత్రం పోలో పార్క్ దగ్గర, ఒక పాత ఇంటి బేస్‌మెంట్‌లో. కిటికీ సరిగ్గా నేల మట్టానికి ఉండేది. అందులోంచి చూస్తే గడ్డి మొదళ్లు, దారిన పోయేవాళ్ల చెప్పులు, అంతకుమించి ఏమీ కనిపించవు. వెళ్లిన మొదటి వారంలోనే ఒక సాయంత్రం వంట చేసుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆ కిటికీ అద్దం సన్నగా అదిరింది. వెంటనే ఎక్కడో కొన్ని వేల గొంతులు ఒక్కసారిగా లేచిన హోరు. పొయ్యి ఆపేసి, ఏదో ప్రమాదం జరిగిందని మెట్లెక్కి బయటికి పరుగెత్తాను. వరండాలో పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒళ్లో చిన్న రేడియో. నా మొహం చూసి రేడియో గొంతు తగ్గించి ఒకే మాట అన్నారు. "స్టీగల్."

అది మనిషి పేరని కూడా నాకు తెలియదు. ఆయన వేలు పెట్టి చూపించిన వైపు చూస్తే, ఇళ్ల కప్పుల మీదుగా స్టేడియం దీపాలు తెల్లగా వెలుగుతున్నాయి.

ఆ స్టేడియం 1953 నుంచి అక్కడ ఉంది. నేనున్న రోజుల్లో దాన్ని కెనాడ్ ఇన్స్ స్టేడియం అనేవారు. అందులో ఆడే జట్టు విన్నిపెగ్ బ్లూ బాంబర్స్, వాళ్ల రంగులు నీలం, బంగారు. ఆ జట్టు కెనడా ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన గ్రే కప్‌ను అప్పటికి చివరిసారి గెలిచింది 1990లో. నేను వెళ్లేనాటికి పదకొండేళ్లు గడిచాయి. పెద్దాయన రైల్వే వర్క్‌షాపులో ఇంజిన్లు బాగుచేసే పని చేసి రిటైరయ్యారు. ఆయన తల్లిదండ్రులు ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే ఇంజిన్ల గురించి, లేకపోతే బాంబర్స్ గురించి.

ఈ ఆట గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి, ఎందుకంటే స్టీగల్ నడక ఈ నియమాల్లోంచే పుట్టింది. ఇది కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఆట, అమెరికన్ ఫుట్‌బాల్‌కు తోబుట్టువు లాంటిది. ఆ రోజుల్లో మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు, అమెరికా వాళ్ల మైదానం కన్నా పెద్దది. ఒక్కో వైపు 12 మంది. పది గజాలు ముందుకు జరపడానికి అమెరికాలో నాలుగు ప్రయత్నాలుంటే ఇక్కడ మూడే. మూడో ప్రయత్నంలో మామూలుగా బంతిని తన్ని అవతలి జట్టుకు అప్పగిస్తారు కాబట్టి, నిజానికి చేతిలో ఉన్నవి రెండు అవకాశాలే. అందుకని బంతి విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, దాన్ని గాలిలోకి దూరంగా విసరక తప్పదు. దాన్ని అందుకునేవాడే రిసీవర్. ఇంకో పెద్ద తేడా ఉంది. ప్రతి ప్రయత్నం బంతి పెట్టిన గీత దగ్గర మొదలవుతుంది. అమెరికాలో బంతి కదిలేదాకా రిసీవర్ ఆ గీత వైపు పరుగు తీయడానికి వీల్లేదు. కెనడాలో ముందే పరుగు మొదలుపెట్టి, బంతి కదిలే క్షణానికి గీతను పూర్తి వేగంతో చేరుకోవచ్చు. స్టీగల్ ఆడింది స్లాట్‌బ్యాక్‌గా, అంటే రిసీవర్లలో లోపలి వరుసలో. ఎదురుగా నిలబడ్డ డిఫెండర్ నిశ్చలంగా ఉంటాడు, ఇతను అప్పటికే గాలిలా వస్తుంటాడు. ఆ ఒక్క అడుగు తేడా నుంచి అతను పదునాలుగేళ్ల జీవితం పిండుకున్నాడు.

ఆ రోజుల్లో ఒక ప్రయత్నం ముగిశాక, రిఫరీ సైగ చేసిన 20 సెకన్లలో తర్వాతిది మొదలవ్వాల్సి ఉండేది. క్రికెట్ చూసి పెరిగినవాడిని నేను. బౌలరు గుర్తు దగ్గరికి నడిచి వెళ్లే సమయమంతా మనకు ఆటలో భాగమే. ఈ ఆటలో ఆ తీరిక లేదు. ఆ ఇరుకులో కూడా ఒక మనిషి పరుగెత్తకుండా నడిచి వస్తున్నాడంటే దానికి కారణం ఉండాలి. మొదట్లో నాకూ అది పొగరనే తోచింది. పెద్దాయనను అడిగితే నేరుగా జవాబు చెప్పలేదు. "అబ్బాయీ, రైలింజన్‌ను స్టేషన్లో ఊరికే ఉరకలెత్తిస్తే ఏమవుతుంది?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. "అరిగిపోతుంది. లాగాల్సినప్పుడు లాగదు" అని ఫ్లాస్కు మూత బిగించారు.

ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. పిల్లలు బడికి తీసుకెళ్లే గీతల పుస్తకం, అట్ట మీద నీలిరంగు సిరా మరక. 1995 నుంచి ప్రతి మ్యాచ్‌కు స్టీగల్ ఎన్ని బంతులు పట్టాడో, ఎన్ని గజాలు సాధించాడో పెన్సిలుతో రాసుకున్నారు. చలికాలంలో, బయట కార్లకు కరెంటు తీగలు తగిలించి ఇంజిన్లు గడ్డకట్టకుండా కాపాడుకునే ఆ ఊరి రాత్రుళ్లలో, నన్ను పైకి పిలిచి ఆ పుస్తకం ముందు పెట్టేవారు. నేను కెనడా ఫుట్‌బాల్ నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే.

మొదటి పేజీలో గజాలు లేవు, ఊరి పేరు ఉంది. సిన్సినాటి. స్టీగల్ ఒహాయో రాష్ట్రంలోని ఆ ఊళ్లోనే 1970లో పుట్టాడు. అదే రాష్ట్రంలోని మయామి విశ్వవిద్యాలయంలో ఆడాడు. 1992లో అమెరికా లీగ్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునేటప్పుడు అతని పేరు ఎవరూ పిలవలేదు. చివరికి సొంత ఊరి జట్టు బెంగాల్స్ తీసుకుంది. 1994 దాకా మూడేళ్లు అక్కడ ఉన్నాడు, కానీ అతనివైపు వచ్చిన బంతులు వేళ్లతో లెక్కపెట్టాల్సినంత తక్కువ. పాతికేళ్ల వయసులో, 1995లో, సగం సీజన్ గడిచిపోయాక విన్నిపెగ్ వచ్చాడు. సొంత ఊళ్లో చోటు దొరకనివాడికి వేరే దేశంలో, చలికి పేరుబడ్డ ఊళ్లో దొరికింది. ఈ మాట చెప్పేటప్పుడు పెద్దాయన నా వైపు చూసేవారు. నేనూ పాతికేళ్ల లోపువాడినే. ఇంటికి ఫోను చేసి పెట్టేశాక ఒక్కడినే కూర్చుని కిటికీలోంచి వేరేవాళ్ల చెప్పులు చూసే రోజులవి. ఆయన ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ పేజీ చూపించింది నా కోసమే అని ఇప్పటికీ అనుకుంటాను.

1997 పేజీ మీద ఒక చిన్న భాగహారం ఉంది. ఆ ఏడాది స్టీగల్ పట్టినవి 61 బంతులు, వాటితో సాధించినవి 1,616 గజాలు. పెద్దాయన ఆ సంఖ్యల కింద గీత గీసి, నిలువుగా, మా చిన్నప్పుడు మాస్టారు నేర్పినట్టే భాగించారు. ఒక్కో బంతికి దాదాపు 26.5 గజాలు. ఒకసారి చెరిపి మళ్లీ చేశారు, లెక్క తప్పుపోయిందేమోనని. కాగితం అక్కడ పల్చబడి ఉంది. పది గజాల కోసం పన్నెండు మంది ఒళ్లు హూనం చేసుకునే ఆటలో, ఒకడు చెయ్యి వేసిన ప్రతిసారీ సగటున అందుకు రెండున్నర రెట్లు వస్తుంటే లెక్క తప్పిందనుకోవడం సహజం.

ఆ 2001లో బాంబర్స్ 18 మ్యాచుల్లో 14 గెలిచారు. క్వార్టర్‌బ్యాక్ ఖారీ జోన్స్ ఆ ఏడాది లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు. గ్రే కప్ మ్యాచ్ మాంట్రియల్‌లో, నవంబర్ 25న. ఎదుటి జట్టు కాల్గరీ, గెలిచినవి ఎనిమిది, ఓడినవి పది. ఎవరి లెక్క చూసినా మాదే గెలుపు. "మాది" అంటున్నాను చూశారా, మూడు నెలల్లోనే అలా అయిపోయింది. ఆ రోజు పెద్దాయన ఇంట్లో పెరోగీలు చేశారు. మైదా చుట్టలో బంగాళాదుంప ముద్ద పెట్టి ఉడికించి, ఉల్లిపాయలతో వెన్నలో వేయించే వంటకం అది. నేను వాటి మీద మా అమ్మ పంపిన కారప్పొడి చల్లుకుని తిన్నాను. ఆయనా కొంచెం అద్దుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా బాగుందన్నారు. మ్యాచ్ 27–19తో కాల్గరీ గెలిచింది. పెద్దాయన టీవీ ఆపి, నోటు పుస్తకం తెరిచి, రాయాల్సిన అంకెలు రాసి, మూసి, పడుకోవడానికి వెళ్లిపోయారు. పళ్లెంలో మిగిలిన పెరోగీలు గడ్డకట్టిన వెన్నతో అలాగే ఉన్నాయి.

మరుసటి ఏడాది, 2002లో, నేను స్టేడియంలోకి మొదటిసారి అడుగు పెట్టాను. టికెట్టు పెద్దాయనదే. ఆయన పక్క సీటు అంతకుముందు భార్యది. ఆవిడ పోయాక రెండేళ్లు దాన్ని వదులుకోకుండా డబ్బు కట్టి ఖాళీగా ఉంచారట. ఆ సంగతి నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ రోజు మాత్రం "రా అబ్బాయీ, ఖాళీగా ఉంది" అన్నారు, అంతే.

టీవీలో బంతిని చూస్తాం. స్టేడియంలో మనిషిని చూడొచ్చు. బంతి తన వైపు రానప్పుడు కూడా స్టీగల్ ఏం చేస్తున్నాడో నేను చూస్తూ కూర్చునేవాణ్ని. గీత వైపు పరుగు తీస్తాడు, డిఫెండర్ భుజం పక్కగా జారిపోతాడు, తల తిప్పకుండానే వెనక నుంచి వచ్చే బంతి ఎక్కడ దిగుతుందో ఎలాగో పసిగడతాడు. మనకు బౌండరీ దగ్గర ఫీల్డరు వెనక్కి పరుగెత్తుతూ తల మీదుగా వచ్చే బంతిని పట్టడం తెలుసు. ఒక మ్యాచ్‌లో అలాంటిది ఒకటి పడితే పది రోజులు చెప్పుకుంటాం. ఇతని జీవనోపాధే అది. పైగా ఒకడు వెంటపడి మీద పడబోతుంటాడు. అతనేమీ మహాకాయుడు కాదు. ఆరడుగుల మనిషి, ఆ ఆటగాళ్ల మధ్య సన్నగానే కనిపించేవాడు. ముఖ్యమైన సంగతేమిటంటే, ఎంత అలసిపోయినా నాలుగో క్వార్టర్‌లో అతని పరుగు మొదటి క్వార్టర్‌లో ఎలా ఉందో అలాగే ఉండేది. అప్పుడు నాకు రైలింజన్ మాట అర్థమైంది.

ఆ సీజన్లో స్టీగల్ 106 బంతులు పట్టాడు. 1,862 గజాలు, 23 టచ్‌డౌన్లు, అంటే బంతితో అవతలి గీత దాటి పాయింట్లు తెచ్చినవి. ఖారీ జోన్స్ ఆ ఏడాది 46 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. అంటే సరిగ్గా సగం ఒక్కడికే. లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం స్టీగల్‌కు వచ్చింది. కప్పు మాత్రం మళ్లీ రాలేదు. పశ్చిమ విభాగపు ఫైనల్లోనే ఎడ్మంటన్ చేతిలో ఓడిపోయారు.

తర్వాతి మూడేళ్లు జట్టు దిగజారింది, వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2005లో 18 మ్యాచులకు అయిదే గెలిచారు. నేను చదువు పూర్తిచేసి అక్కడే ఉద్యోగంలో చేరాను. 2004లో పెళ్లయింది. మా ఆవిడ వచ్చాక బేస్‌మెంట్ నుంచి అదే ఇంటి పై వాటాలోకి మారాం. మొదటిసారి తనను మ్యాచ్‌కు తీసుకెళ్లినప్పుడు కాసేపు చూసి, "ఏమండీ, ఆ ఎనభై అయిదో నంబరు అబ్బాయికి కాలికి దెబ్బ తగిలిందా? పాపం, అలా నడుస్తున్నాడేమిటి?" అని అడిగింది. పెద్దాయనకు తర్జుమా చేసి చెప్పాను. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాతి బంతికే స్టీగల్ దూసుకుపోతే, మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. అప్పటి నుంచి తనకూ ఆ నడక ముద్దే.

2006 జూలై 20, గురువారం. విన్నిపెగ్‌లో వేసవి పగలు రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగుతుంది, దోమలు అంతకన్నా ఎక్కువసేపు ఉంటాయి. మ్యాచ్ ఎడ్మంటన్‌లో. పెద్దాయన టీవీ దగ్గర కూర్చోకుండా గ్యారేజీలో పచ్చిక కోసే యంత్రం విప్పి పెట్టుకుని రేడియో వింటున్నారు. బయటి ఊరి మ్యాచులు ఆయనకు రేడియోలోనే నమ్మకం. అప్పటికే దశాబ్దాలుగా బాంబర్స్ మ్యాచుల వ్యాఖ్యాతగా ఉన్న బాబ్ ఇర్వింగ్ గొంతు ఆ ఊళ్లో అందరి ఇళ్లలోనూ ఒక మనిషిలా ఉండేది. నేను దోమలు తోలుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాను.

స్కోరు 22–19, మేము వెనకబడ్డాం. మిగిలింది నాలుగు సెకన్లు. బంతి మా సొంత పది గజాల గీత మీద ఉంది. మూడో ప్రయత్నం. అవతలి గీత దాటాలంటే వంద గజాలు పోవాలి. పెద్దాయన చేతిలోని స్పానరు నేల మీద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకోవడం మొదలుపెట్టారు. మ్యాచ్ అయిపోయిందని ఆయన ఉద్దేశం. నేను లోపలికి వెళ్దామని చెప్పుల్లో కాలు పెట్టాను.

క్వార్టర్‌బ్యాక్ కెవిన్ గ్లెన్ బంతి విసిరాడు. రేడియోలో గొంతు ఒక్కసారి పైకి లేచింది. ఆ గొంతు వెనక ఎడ్మంటన్ స్టేడియం హోరు హఠాత్తుగా మూగబోవడం కూడా వినిపించింది. అది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, ఎందుకంటే అరవై వేల సీట్ల చోట నిశ్శబ్దాన్ని రేడియోలో వినడం మళ్లీ ఎప్పుడూ జరగలేదు. స్టీగల్ పట్టాడు. పరుగెత్తుతున్నాడు. ఎవరికీ అందలేదు. గడియారంలో సున్నా. వంద గజాల టచ్‌డౌన్, 25–22.

పెద్దాయన ఆ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చేతులు తుడుచుకోవడం అయిపోయినా ఇంకా తుడుచుకుంటూనే ఉన్నారు. వీధిలో ఎవరో కారు హారన్ నొక్కారు, తర్వాత ఇంకెవరో, అలా వీధి చివరిదాకా. మా ఆవిడ పైనుంచి ఏమైందని కేకేసింది. నాకు గొంతు పెగల్లేదు. అయిదేళ్ల కిందట నేను ఏదో ప్రమాదం జరిగిందని బయటికి పరుగెత్తాను కదా. ఈసారి ఆ కేకలో నా గొంతూ ఉంది. పెద్దాయన లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చారు. ఆ అంకె పెన్సిలుతో రాయలేదు. నా జేబులోని బాల్‌పెన్ అడిగి తీసుకుని రాశారు.

ఆ ఏడాది అయ్యాక స్టీగల్ ఆట మానేస్తాడనే అందరూ అనుకున్నారు. అతనికి ముప్పై ఆరేళ్లు దాటాయి. కాలు మీద ఆధారపడ్డ బతుకులో అది ముసలితనమే. కానీ కప్పు కోసం మళ్లీ వచ్చాడు. 2007లో లీగ్ చరిత్రలో అత్యధిక టచ్‌డౌన్ల రికార్డు అతని వశమైంది. అంతకుముందు ఆ రికార్డు 137. దాన్ని మొదట సాధించింది సస్కాచెవాన్ వీరుడు జార్జ్ రీడ్, తర్వాత మైక్ ప్రింగిల్ దాన్ని అందుకున్నాడు. సస్కాచెవాన్ అంటే మాకు పక్క రాష్ట్రం, పక్కింటి పోటీ. ఆ పేరును దాటడం పెద్దాయనకు మిగతా అన్నిటికన్నా తియ్యగా ఉంది. అదే ఏడాది మా అమ్మాయి పుట్టింది. ఆయన పసిదానికి మొదట తెచ్చిన బట్టలు నీలం, బంగారు రంగులవి.

ఆ నవంబర్లో బాంబర్స్ గ్రే కప్ ఫైనల్‌కు వెళ్లారు, టొరంటోకు. అక్కడ ఎదురుగా అదే సస్కాచెవాన్. కానీ దానికి ముందు వారమే, తూర్పు విభాగపు ఫైనల్లో కెవిన్ గ్లెన్ చెయ్యి విరిగింది. అతని స్థానంలో కుర్రవాడు రయన్ డిన్‌విడీ ఆడాల్సి వచ్చింది. ఆ అబ్బాయి భయపడలేదు, ఆ మాట చెప్పి తీరాలి. కానీ సస్కాచెవాన్ డిఫెండర్ జేమ్స్ జాన్సన్ అతని పాస్‌లు మూడు మధ్యలోనే పట్టేశాడు. చివరి ఆశ కూడా అలాగే అతని చేతుల్లోకి పోయింది. 23–19.

పుస్తకంలో రాస్తూ పెద్దాయన ఆగి, వెనక పేజీలు తిరగేసి, 2001 దగ్గర వేలు పెట్టారు. తేదీ చూడమన్నారు. నవంబర్ 25. ఈ రోజూ నవంబర్ 25. అప్పుడూ మా పాయింట్లు 19, ఇప్పుడూ 19. విధి అనే మాట నేను తేలిగ్గా వాడను. కానీ ఆ రెండు పేజీలను పక్కపక్కన చూసినప్పుడు వేరే మాట దొరకలేదు. విన్నిపెగ్‌కు కప్పు వచ్చింది 2019లో. హామిల్టన్‌ను 33–12తో ఓడించారు. అప్పటికి స్టీగల్ మైదానం విడిచి పదకొండేళ్లు, టీవీలో విశ్లేషకుడి కుర్చీలో ఉన్నాడు. ఆ రోజు నేను గెలుపు చూసి ఏడ్చాను. ఏడ్చింది సగం గెలిచినందుకు, సగం అందులో అతను లేనందుకు. ఒక ఆటగాడికి కప్పు లేకపోతే లోటేమీ కాదని కొందరు అంటారు. నేనొప్పుకోను. లోటే. అతను అంతగా కోరుకున్నదాన్ని లోటు కాదనడం అతన్ని తక్కువ చేయడమే.

2008 చివరి సీజన్. ఆ ఏడాది అలెన్ పిట్స్ పేరిట ఉన్న 14,891 గజాల రికార్డునూ దాటాడు. మొత్తం 854 బంతులు, 15,153 గజాలు, 147 టచ్‌డౌన్లు. గజాల రికార్డును 2012లో జెరాయ్ సైమన్ దాటాడు. టచ్‌డౌన్లు మాత్రం ఇంకా అతనివే. అదే ఏడాది, 2012లో, కెనడా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటిచ్చారు.

నవంబర్లో తూర్పు సెమీఫైనల్, మా స్టేడియంలోనే, ఎడ్మంటన్‌తో. అమ్మాయిని మా ఆవిడ దగ్గర వదిలి నేనూ పెద్దాయనా వెళ్లాం. ఆయనకు మెట్లు ఎక్కడం కష్టమై, ప్రతి పది మెట్లకూ ఆగేవారు. 29–21తో ఓడిపోయాం. జనం కదలడం మొదలుపెట్టినా మేము కూర్చునే ఉన్నాం. కింద నీలం చొక్కాలు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. ఎనభై అయిదో నంబరు కోసం చూశాను. అతనెప్పుడూ నడిచినట్టే నడుస్తున్నాడు. ఈసారి తిరిగి రావాల్సిన పని లేదు. ఆ ఇరవై సెకన్లూ లెక్కపెట్టేవాళ్లు లేరు. పెద్దాయన ఫ్లాస్కు మోకాళ్ల మధ్య పెట్టుకుని, మూత మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే ఉన్నారు.

మరుసటి ఏడాది ఉద్యోగరీత్యా మేము ఒంటారియోకు మారాం. పెద్దాయనతో ఫోన్లలో మాట్లాడుతూనే ఉన్నాం. 2014 వేసవిలో ఆయన్ను చూడటానికి వెళ్లాను. అప్పటికి బాంబర్స్ విశ్వవిద్యాలయం దగ్గర కట్టిన కొత్త స్టేడియానికి వెళ్లిపోయారు. పాతదాన్ని పడగొట్టేశారు. అక్కడికి తీసుకెళ్లమని ఆయనే అడిగారు. చూడటానికి ఏముందని నేననలేదు. పోలో పార్క్ దగ్గర స్టేడియం ఉన్న చోట ఖాళీ నేల, కంకర, కంచె. ఆ పక్కన ఒక వీధికి ఇప్పుడు మిల్ట్ స్టీగల్ డ్రైవ్ అని పేరు. ఆకుపచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాలు. పెద్దాయన తన కర్రతో ఆ స్తంభాన్ని రెండుసార్లు తట్టారు, ఇంజిన్ ఇనుము గట్టిదో కాదో చూసినట్టు.

కారు రోడ్డుకు అవతల పెట్టాను. ముందు వెళ్లి తలుపు తీసి ఉంచుతానని దాటేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన రోడ్డు మధ్యలో ఉన్నారు. కర్ర ముందు వేసి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. సిగ్నల్ మారబోతోంది. ఒక ట్రక్కు ఆగి ఉంది, డ్రైవరు హారన్ కొట్టలేదు. నేను ఎదురు వెళ్లబోతే ఆయన ఎడమ చెయ్యెత్తి వద్దని సైగ చేశారు. సీటు మీద ఆయన ఫ్లాస్కు కనిపించింది. మూత తిప్పి, ఆ మూతలోకే కాఫీ వంచాను. ఆయన తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.